పంటి నొప్పికి పగ్గం వేసిన డాక్టర్ హాల్‌స్టెడ్

మన సంఘ సభ్యులలో పంటి డాక్టరు గారి కుర్చీ ఎక్కని వారు బహు కొద్దిమందే ఉంటారు. కింది దవడ పన్ను తీయించుకున్న వారికి ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. తీయవలసిన పన్ను ఎక్కడో ముందు ఉంటుంది. డాక్టరు గారు సూదిని మాత్రం దవడ చివర, జ్ఞానదంతానికి కూడా వెనుక గుచ్చుతారు. గుచ్చి, కాసేపు బయట కూర్చోమంటారు. అయిదు నిమిషాల తర్వాత పిలిచి, పెదవి మొద్దుబారిందా అని అడుగుతారు. పన్ను సంగతి అడగరు, పెదవి సంగతి అడుగుతారు. కింది పెదవి ఒక పక్క తిమ్మిరెక్కి, లావెక్కినట్లు అనిపించి, పుక్కిలించిన నీళ్ళు ఆ పక్క నుంచి కారిపోతున్నాయంటే ఇక పట్టుకారు తీయవచ్చునని ఆయనకు ధైర్యం.

పన్ను ఒకచోట, సూది ఒకచోట, తిమ్మిరి మరొకచోట ఎందుకని మనలో చాలామంది అనుకొనే ఉంటారు. దానికి జవాబు మన తలలోని నరాల అమరికలో ఉన్నది. ఆ అమరికను ఆధారం చేసుకొని, నరం ఎముకలోకి దిగే చోటనే దానిని ఆపివేయవచ్చునని 1884 చివరి నెలల్లో న్యూయార్కులో చేసి చూపిన వారు డాక్టర్ విలియం స్టూవర్ట్ హాల్‌స్టెడ్. అప్పటికి ఆయన వయస్సు 32 సంవత్సరాలు. ఈ మేలు మనకు ఊరికే రాలేదు. దాని ఖరీదును ఆయన తన శరీరంతో, దాదాపు 38 ఏళ్ళపాటు చెల్లించారు. ఆ జీవితకథను సభ్యులకు, వారి కుటుంబాలకు తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

హాల్‌స్టెడ్ 1852 సెప్టెంబరు 23న న్యూయార్కులో పుట్టారు. తండ్రిది బట్టల దిగుమతి వ్యాపారం. కలిగిన కుటుంబం, దేనికీ లోటు లేదు. యేల్ విశ్వవిద్యాలయంలో చదివే రోజుల్లో ఆయన ఫుట్‌బాల్ జట్టుకు నాయకుడు. చదువులో మాత్రం అంతంత మాత్రమే. గ్రంథాలయం నుంచి ఒక్క పుస్తకమైనా తీసుకున్న దాఖలా లేదని ఆయన గురించి చెప్పుకొనేవారు. చివరి సంవత్సరంలో ఎందుకనో శరీర నిర్మాణ శాస్త్రం మీద గాలి మళ్ళింది. గ్రే రాసిన అనాటమీ గ్రంథం కొని తెచ్చుకొని చదివారు. అంతే, మనిషి మారిపోయాడు. 1874లో యేల్ నుంచి పట్టా పుచ్చుకొని, వైద్య కళాశాలలో చేరి, 1877లో డాక్టరు అయ్యారు. ఆ మరుసటి సంవత్సరం యూరప్ వెళ్ళి వియన్నా, ఇంకా జర్మనీ నగరాలలో పెద్ద పెద్ద సర్జన్ల దగ్గర రెండేళ్ళు శుశ్రూష చేసి, 1880లో తిరిగివచ్చారు.

ఆ తర్వాత నాలుగేళ్ళ హాల్‌స్టెడ్‌ను చూసినవారు సుడిగాలి అనే అనుకొని ఉంటారు. ఒకేసారి అనేక ఆసుపత్రులలో పని. పగలు ఆపరేషన్లు, రాత్రి విద్యార్థులకు పాఠాలు. చేతికి వేగం, మనసుకు తెగువ. 1881లో ఆయన చెల్లెలికి కాన్పు తర్వాత రక్తస్రావమై ప్రాణం మీదికి వచ్చింది. హాల్‌స్టెడ్ తన రక్తాన్నే తీసి ఆమెకు ఎక్కించి, అప్పటికప్పుడు ఆపరేషన్ చేసి బతికించారు. రక్తంలో గ్రూపులు ఉంటాయని లోకానికి తెలిసింది ఇరవయ్యవ శతాబ్దం మొదట్లో. అంటే ఆ రాత్రి అన్నాచెల్లెళ్ళ రక్తం కలవడం కేవలం దైవికం. 1882లో తల్లికి పిత్తాశయంలో చీముపట్టి ప్రమాదమైతే, తెల్లవారుజామున రెండు గంటలకు వంటింటి బల్ల మీద పడుకోబెట్టి, పిత్తాశయం కోసి, రాళ్ళు తీశారు. కన్నతల్లి మీద కత్తి పెట్టడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి.

ఇక నొప్పి సంగతికి వద్దాము. ఆ రోజుల్లో ఆపరేషన్ అంటే రోగిని పూర్తిగా నిద్రపుచ్చవలసిందే. ఆ విద్య తెచ్చినవారు కూడా అమెరికా పంటి డాక్టర్లే. హొరేస్ వెల్స్ 1844లో నవ్వించే గాలి పీల్చి తన పన్నే తీయించుకున్నారు. విలియం మార్టన్ 1846లో బోస్టన్ ఆసుపత్రిలో ఈథర్ ఇచ్చి చూపారు. 1847లో క్లోరోఫారం వచ్చింది. కాని ఒక పన్ను కోసం, ఒక చిన్న కురుపు కోసం మనిషిని అపస్మారంలోకి పంపడం చిన్న సంగతి కాదు. క్లోరోఫారం తీసుకొని కళ్ళు తెరవని వారు ఉన్నారు. మన హైదరాబాదుకు కూడా ఈ చరిత్రలో ఒక పుట ఉన్నది. క్లోరోఫారం ప్రాణం ఎలా తీస్తుంది, ముందు ఊపిరి ఆగుతుందా, గుండె ఆగుతుందా అన్న విషయం తేల్చడానికి 1888, 1889 సంవత్సరాలలో నిజాం ప్రభువు ఖర్చుతో, రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో హైదరాబాదులో రెండు కమిషన్లు పనిచేశాయి. రెండవ దాని కోసం లండన్ నుంచి పెద్ద డాక్టరు ఒకరు దిగివచ్చారు. ఊపిరిని కనిపెట్టుకొని ఉంటే గుండెకు భయం లేదని వారు తేల్చారు. ఆ తీర్పు సరికాదని తర్వాతి పరిశోధకులు నిరూపించారు. అది వేరే కథ.

మనిషి మెలకువగా ఉండగానే నొప్పి ఉన్న చోటును మాత్రమే నిద్రపుచ్చడం సాధ్యమా? ఈ ప్రశ్నకు మొదటి జవాబు కంటి వైద్యం నుంచి వచ్చింది. దక్షిణ అమెరికాలో కోకా అనే మొక్క ఆకులను అక్కడి కొండజాతుల వారు అలుపు తెలియకుండా నమిలేవారు. ఆ ఆకు నుంచి కొకైన్ అనే పదార్థాన్ని 1860 నాటికే జర్మనీలో వేరుచేశారు. వియన్నాలో కార్ల్ కాలర్ అనే యువ వైద్యుడు, అది నాలుకను మొద్దుబారుస్తున్నదని గమనించి, కంట్లో చుక్క వేసి చూశారు. కన్ను మొద్దుబారింది. 1884 సెప్టెంబరులో హైడెల్‌బర్గ్‌లో జరిగిన కంటి వైద్యుల సభలో ఈ సంగతి ప్రకటితమైంది. పాపం, ఆ సభకు వెళ్ళడానికి కాలర్ దగ్గర ప్రయాణ ఖర్చులు లేక, ఆయన వ్యాసాన్ని వేరొకరు చదివారు. నెల తిరగకుండా ఆ వార్త న్యూయార్కు చేరింది.

అందరూ కంటి చుక్కల గురించి ఆలోచిస్తుంటే హాల్‌స్టెడ్, ఆయన సహచరుడు రిచర్డ్ హాల్, మరికొందరు యువ డాక్టర్లు ఒక మెట్టు ముందుకు ఆలోచించారు. మందును చర్మం మీద చల్లడమెందుకు, నరం పక్కనే వదిలితే పోలేదా? ఒక వీధి మొత్తానికి దీపాలు ఆర్పాలంటే ఇంటింటికీ తిరిగి స్విచ్చి నొక్కనక్కరలేదు, వీధి మొదట్లో ఫ్యూజు తీస్తే చాలు. మన విద్యుత్ శాఖ మిత్రులకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

ఆ ఫ్యూజు ఎక్కడున్నదో తెలియాలంటే నరాల దారి తెలియాలి. మెదడు నుంచి నేరుగా బయలుదేరే నరాలు పన్నెండు జతలు. వీటిని కపాల నాడులంటారు. వాసన, చూపు, వినికిడి, మింగడం, ఇలా ఒక్కొక్క జతకు తన పని. ముఖానికి సంబంధించి రెండు జతలు ముఖ్యం. ఏడవది ముఖ నాడి. నవ్వడం, కళ్ళు మూయడం, మూతి ముడవడం దీని పని. ఇది దెబ్బతింటే మూతి ఒక పక్కకు లాగుతుంది. అయిదవది త్రిధార నాడి. ముఖంలో స్పర్శ, నొప్పి, వేడి, చలి మెదడుకు చేరవేసేది ఇదే. నమలడానికి కావలసిన కండరాలను నడిపేది కూడా ఇదే. కణత లోపల, పుర్రె అడుగున దీనికొక ముడి ఉన్నది. అక్కడి నుంచి మూడు పాయలు బయలుదేరతాయి. మొదటి పాయ కంటికి, నుదుటికి. రెండవ పాయ పై దవడకు. మూడవ పాయ కింది దవడకు. పంటి నొప్పి అంటే ఎవరికైనా, ఎంతటివారికైనా, ఈ రెండవ, మూడవ పాయల మొర.

పై పళ్ళకు రెండవ పాయ నుంచి సన్నని కొమ్మలు మూడు గుంపులుగా వస్తాయి. వెనుక దవడ పళ్ళకు ఒకటి, మధ్య పళ్ళకు ఒకటి, ముందు పళ్ళకు ఒకటి. పై దవడ ఎముక పలుచన, గుల్లగా కూడా ఉంటుంది. అందువల్ల పన్ను మొదట్లో చిగురు దగ్గర మందు వదిలినా ఎముకలోకి ఇంకి వేరును చేరుతుంది. కింది దవడ అలా కాదు. అది గట్టి ఎముక, మందు ఇంకదు. మూడవ పాయ నుంచి వచ్చే దంతనాడి దవడ లోపలి వైపున, వెనుకగా, ఒక చిన్న రంధ్రం గుండా ఎముకలోకి దిగుతుంది. అక్కడి నుంచి సొరంగంలో రైలు పోయినట్లు పోతూ ఒక్కొక్క పంటి వేరు కింద ఒక్కొక్క కొమ్మను వదులుతుంది. ముందుకు వచ్చేసరికి ఒక పాయ మరో రంధ్రం గుండా బయటపడి కింది పెదవికి, గడ్డానికి స్పర్శనిస్తుంది. ఇప్పుడు అర్థమైంది కదా, డాక్టరు గారు పెదవిని గురించి ఎందుకు అడుగుతారో. పెదవి రైలు చివరి స్టేషను. చివరి స్టేషనుకు బండి రాలేదంటే మధ్య స్టేషన్లకూ రానట్లే.

పుస్తకంలో ఉన్న ఈ దారి డాక్టర్లందరికీ తెలిసిందే. దానిని సూదితో వెతికి పట్టుకున్నది హాల్‌స్టెడ్ బృందం. ముందుగా హాల్ తన మీదనే ప్రయోగం చేయించుకున్నారు. ఆయనకు పై ముందు పన్ను ఒకటి మహా సలుపు. కంటి కింద ఎముకలో నరం బయటికి వచ్చే రంధ్రం దగ్గర కొకైన్ ఎక్కించారు. కొద్ది నిమిషాలలో ఆ పక్క పెదవి, చిగురు మొద్దుబారి, పన్ను తొలిచి సిమెంటు నింపుతున్నా నొప్పి తెలియలేదు. ఆ తర్వాత ఒక సాయంత్రం హాల్‌స్టెడ్ ఒక వైద్య విద్యార్థి నోట్లో, దంతనాడి ఎముకలోకి దిగే రంధ్రాన్ని గురి చూసి సూది దించారు. నాలుగైదు నిమిషాలకు నాలుక ఒక పక్క మొద్దుబారింది. ఎందుకంటే నాలుక నరం దంతనాడికి కాస్త ముందుగా, పక్కపక్కనే దిగుతుంది. తర్వాత చిగురు, పళ్ళు. ఆ పక్క కింది పళ్ళను దేనితోనైనా తట్టి చూస్తే కూడా ఆ విద్యార్థికి బాధ లేదు. ఈ వివరాలతో హాల్ రాసిన లేఖ 1884 డిసెంబరు 6న న్యూయార్క్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. కాలర్ వార్త సముద్రం దాటి రెండు నెలలు కూడా కాలేదు. ఇటువంటి వేగం వైద్య చరిత్రలో అరుదు.

తర్వాత అదే పద్ధతిలో చేతి నరాలు, కాలి నరాలు పట్టుకున్నారు. వందలకొద్దీ చిన్న ఆపరేషన్లు ఇలా చేశారు. అయితే కొత్త సూది ఎంత మోతాదులో, ఎంత లోతున గుచ్చాలో తెలిసేది ఎలా? ఇప్పటిలా నియమాలు, సంఘాలు, అనుమతులు లేవు. వారు ఒకరికొకరు గుచ్చుకున్నారు. తమకు తాము గుచ్చుకున్నారు. కొకైన్ చెడ్డదని అప్పటికి ఎవరూ గట్టిగా చెప్పలేదు. బలానికి, జలుబుకు మందుల షాపుల్లో ఎవరికి కావాలంటే వారికి అమ్మేవారు. ఎక్కించుకున్న కాసేపటికి అలుపు ఉండదు, నిద్ర రాదు, ఆకలి వేయదు, మాట వరదలా వస్తుంది. పనిపిచ్చి ఉన్న యువకులకు ఇది వరంలాగే కనిపించి ఉంటుంది. కొన్ని నెలలు గడిచేసరికి మందు లేనిదే తెల్లవారని స్థితి వచ్చింది.

హాల్‌స్టెడ్ రోగుల దగ్గరికి రావడం తగ్గింది. పాఠాలు ఆగిపోయాయి. 1885 సెప్టెంబరులో ఆయన కొకైన్ గురించి అదే పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. దాని మొదటి వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడికి పోతున్నదో చదివినవారికి బోధపడదు. చక్కగా రాయగల మనిషి చేతిలో నుంచి ఆ వాక్యం వచ్చిందంటే లోపల ఏమి జరుగుతున్నదో ఊహించుకోవచ్చు. సహచరుల గతి కూడా అంతే. హాల్ న్యూయార్కు వదిలి, కాలిఫోర్నియాలో సాంటా బార్బరా చేరి, 1897లో చిన్న వయస్సులోనే పోయారు. పంటి నొప్పి తెలియకుండా సిమెంటు నింపించుకున్న ఆ మనిషి పేరు ఇప్పుడు ఎందరికి తెలుసు?

ఇక్కడ కథలోకి మరొక మనిషి వస్తారు. నా దృష్టిలో ఈ కథలో హాల్‌స్టెడ్ ఎంత గొప్పవారో ఈయన కూడా అంతే గొప్పవారు. పేరు విలియం వెల్చ్. న్యూయార్కులో ఉన్నప్పటి మిత్రుడు. బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ అనే వర్తకుడు తన ఆస్తి రాసిచ్చిపోతే, ఆ డబ్బుతో కట్టబోతున్న విశ్వవిద్యాలయ వైద్యశాలకు ఆయన ప్రొఫెసరు. హాల్‌స్టెడ్ 1886లో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని బట్లర్ ఆసుపత్రిలో చేరారు. అది మానసిక రోగుల ఆసుపత్రి. ఇంటిపేరు వదిలేసి విలియం స్టూవర్ట్ అని మాత్రమే రాయించుకున్నారని చెబుతారు. ఏడు నెలలు ఉండి బయటకు వచ్చారు. న్యూయార్కులో ఆయన ఉద్యోగం, పేరు, ప్రాక్టీసు అన్నీ పోయినట్లే. అటువంటి సమయంలో వెల్చ్ ఆయనను బాల్టిమోర్ పిలిపించి, తన ఇంట్లో ఉంచుకొని, తన ప్రయోగశాలలో ఒక బల్ల చూపించారు. రోగుల బాధ్యత పెట్టలేదు. కుక్కల పేగులను ఎలా కుట్టాలి అన్న పరిశోధన అప్పగించారు. పేగు గోడలో నాలుగు పొరలుంటే, దారం నిలబడేది లోపలి వైపునున్న ఒక్క గట్టి పొరలోనేనని హాల్‌స్టెడ్ కనిపెట్టారు. 1887 వసంతంలో హార్వర్డ్‌లో దాని మీద ఉపన్యాసమిచ్చారు. వెంటనే మళ్ళీ పడిపోయారు. మళ్ళీ బట్లర్ ఆసుపత్రి, ఈసారి తొమ్మిది నెలలు.

రెండుసార్లు పడిన మనిషిని మూడోసారి లేపడానికి ఎవరు ముందుకొస్తారు? వెల్చ్ వచ్చారు. 1889 మేలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి తలుపులు తెరిచినప్పుడు సర్జన్ పదవికి మొదట అడిగింది గ్లాస్గోకు చెందిన మెకేవెన్‌ను. ఆయన రాలేదు. వెల్చ్ మాట మీద హాల్‌స్టెడ్‌ను తాత్కాలికంగా నియమించారు. 1890లో ముఖ్య సర్జన్‌గా, 1892లో ప్రొఫెసరుగా ఖాయం చేశారు. ప్రొబేషన్ మీద చేరి, ఎప్పుడు తీసేస్తారో తెలియకుండా గడిపిన రోజులు మనలో చాలామంది ఎరుగుదురు. ఆయనది అంతకన్నా గట్టి ప్రొబేషన్.

బాల్టిమోర్ హాల్‌స్టెడ్‌ను చూస్తే న్యూయార్కు వారు గుర్తుపట్టలేకపోయేవారు. వేగం పోయింది. కండను నెమ్మదిగా, పొర పొరగా వేరుచేసి, ఒక్కొక్క రక్తనాళం పట్టి ముడివేసి, పట్టు దారంతో సన్నగా కుట్టే ఓపిక వచ్చింది. సభల్లో మాట్లాడడం, నలుగురిలో కలవడం తగ్గిపోయాయి. చొక్కాలు మాత్రం చాకిరేవుకు పారిస్ పంపేవారట! గిలక దిగినప్పుడు చేసే ఆపరేషన్‌కు ఆయన కొత్త పద్ధతి చెప్పారు. రొమ్ము కాన్సరుకు ఆయన చేసిన పెద్ద ఆపరేషన్ ఎనభై ఏళ్ళపాటు లోకమంతటా నడిచింది. అంత కోత అవసరం లేదని, చిన్న ఆపరేషన్ కూడా అంతే ఫలితం ఇస్తుందని 1970ల నుంచి జరిగిన పరీక్షలు చూపాయి. పెద్దవారు చేసినంత మాత్రాన తిరుగులేదని అనుకోకూడదు కదా.

ఆపరేషన్ గదిలో రబ్బరు చేతొడుగులు వచ్చింది కూడా ఆయన వల్లనే. క్రిములను చంపడానికి వాడే పాదరసపు మందుతో కారొలిన్ హాంప్టన్ అనే ముఖ్య నర్సు చేతులు పొక్కిపోయాయి. ఆమె పని మానేస్తుందేమోనని, 1889-90 చలికాలంలో హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీకి కబురు పంపి పలుచని చేతొడుగులు చేయించారు. రోగికి రక్షణ అన్న ఆలోచన తర్వాత ఎప్పటికో వచ్చింది. 1890 జూన్‌లో ఆ నర్సునే పెళ్ళి చేసుకున్నారు. పిల్లలు లేరు. బాల్టిమోర్ ఇంట్లో భార్యాభర్తలు వేరు వేరు అంతస్తుల్లో ఉండేవారు. వేసవి వస్తే నార్త్ కరోలినా కొండల్లో వారి తోట. అక్కడ ఆయన డేలియా పూలు పెంచేవారు, టెలిస్కోపుతో నక్షత్రాలు చూసేవారు.

శిష్యులను తయారుచేయడంలో ఆయన పద్ధతి వేరు. ఆసుపత్రిలోనే ఏళ్ళ తరబడి కాపురముంటూ, ఒక్కొక్క మెట్టు ఎక్కుతూ, చివరికి సొంతంగా ఆపరేషన్ చేసే బాధ్యత తీసుకోవాలి. మన పెద్దాసుపత్రుల్లో రెసిడెంట్ డాక్టరు అని నేడు మనం వినే మాటకు మూలం ఆ కాలపు హాప్కిన్స్ పద్ధతిలోనే ఉన్నది. ఆయన దగ్గర ఆఖరి మెట్టు వరకు వచ్చినవారు పదిహేడుగురు. అక్కడ శిక్షణ పొందినవారిలో హార్వే కుషింగ్ అనే ఆయన మెదడు శస్త్రచికిత్సకు ఆద్యుడయ్యారు. కుషింగ్‌కు మొదట పేరు తెచ్చినది కూడా ఈ అయిదవ కపాల నాడే. ముఖం కడుగుతుంటే, బ్రష్ చేస్తుంటే, అన్నం నములుతుంటే కరెంటు షాకు కొట్టినట్లు చెంపలో పొడిచే జబ్బు ఒకటున్నది. నొప్పి కొన్ని క్షణాలే, కాని భరించరానిది. ఏ పన్నుదో అనుకొని ఒక్కొక్క పన్నూ తీయించుకుంటూ పోయినవారు ఆ రోజుల్లోనూ ఉన్నారు, ఈ రోజుల్లోనూ ఉన్నారు. పళ్ళు పోతాయి, నొప్పి పోదు. ఎందుకంటే తప్పు పంటిలో లేదు, నరంలో ఉన్నది. కుషింగ్ 1899లో మొదలుపెట్టి, పుర్రె అడుగునున్న నరపు ముడిని తీసివేసే ఆపరేషన్‌ను క్షేమంగా చేసే దారి చూపారు. 1960ల నుంచి దీనికి కార్బమజెపైన్ మాత్రలు వచ్చాయి. ఇది ఎక్కువగా యాభై దాటినవారికే వస్తుంది కనుక మన సభ్యులు తెలుసుకొని ఉండడం మంచిది. పన్నులో పుచ్చు కనిపించకుండా ఇటువంటి పోటు వస్తే, పట్టుకారుకు ముందు నరాల డాక్టరును చూడాలి.

ఇంతటి పని చేస్తున్న మనిషి కొకైన్ నుంచి బయటపడ్డారని అందరూ అనుకున్నారు. నిజం కొంత వేరు. కొకైన్ మాన్పించే ప్రయత్నంలో ఆయనకు మార్ఫిన్ అలవాటైంది. ఈ సంగతి హాప్కిన్స్ వైద్య ప్రొఫెసరు విలియం ఆస్లర్‌కు తెలుసు. హాల్‌స్టెడ్ ఒకరోజు చలితో వణికిపోతుండగా ఆస్లర్ చూశారు. మందు అందకపోతే వచ్చే వణుకు అది. ఆయన వెల్లడించలేదు, పదవి ఊడగొట్టలేదు. తన రహస్య గ్రంథంలో రాసుకొని, ముద్రవేసి ఉంచారు. రోజుకు మూడు గ్రెయిన్ల మార్ఫిన్ దగ్గర మొదలై, 1898 నాటికి ఒకటిన్నర గ్రెయిన్లకు తగ్గించగలిగారని అందులో ఉన్నది. నెలల తరబడి సెలవులు, చెప్పాపెట్టకుండా ఆపరేషన్ గది నుంచి వెళ్ళిపోవడం, ఎవరినీ ఇంటికి రానివ్వకపోవడం, వీటన్నిటినీ శిష్యులు ఆయన స్వభావమని సరిపెట్టుకున్నారు. ఆస్లర్ రాత 1969లో అచ్చయ్యేదాకా లోకానికి అసలు సంగతి తెలియదు. ఆస్లర్ మౌనం మంచిదా, రోగుల క్షేమం మాటేమిటి అని అడిగేవారుంటారు. ఆ ప్రశ్న సబబైనదే. ఆ మౌనమే లేకపోతే ఆ పదిహేడుగురు శిష్యులు లేరు అన్నది కూడా అంతే సబబు.

ఈలోగా నరం దగ్గర సూది అన్న ఆలోచన దేశదేశాలకు పాకింది. 1905లో జర్మనీలో నోవోకెయిన్ వచ్చి, కొకైన్ అవసరం తప్పించింది. 1943లో స్వీడన్‌లో లిగ్నోకెయిన్ తయారైంది. మన పంటి డాక్టర్లు వాడేది ఎక్కువగా అదే. వీటికి కొకైన్‌లా మనిషిని బానిస చేసుకొనే గుణం లేదు కనుక ఆ భయం పెట్టుకోనక్కరలేదు. అయితే మందు ఎక్కువసేపు నిలవడానికి అందులో ఎడ్రినలిన్ కొద్దిగా కలుపుతారు. బి.పి., గుండె జబ్బు ఉన్నవారు సూదికి ముందే డాక్టరుకు చెప్పాలి. మందు మారింది గాని, సూది దించే చోటు మాత్రం 1884 నాటిదే.

నరాన్ని మొద్దుబార్చే పద్ధతి మొదట ఎవరిది అన్న ప్రశ్న తర్వాత రోజుల్లో వచ్చింది. హాల్‌స్టెడ్ ఆ చలికాలం గురించి ఎన్నడూ పెద్దగా మాట్లాడలేదు, హక్కు కోసం పోరాడలేదు. చివరికి పంటి డాక్టర్లే పాత పత్రికలు తిరగేశారు. 1922 ఏప్రిల్‌లో అమెరికా దంతవైద్యుల జాతీయ సంఘం ఆయనకు బంగారు పతకం బహూకరించింది. అప్పటికి ఆయనకు 69 ఏళ్ళు. ఆయన ఎన్నో పెద్ద ఆపరేషన్లు చేసినా, ఆ పతకం మాత్రం కింది దవడ నరంలో దించిన ఆ మొదటి సూదికి.

తల్లికి వంటింటి బల్ల మీద తీసిన పిత్తాశయపు రాళ్ళే ఆయనకూ వచ్చాయి. 1919లో ఒకసారి ఆపరేషన్ అయింది. 1922 ఆగస్టులో మళ్ళీ నొప్పి, కామెర్లు. ఆయన దగ్గర పని నేర్చిన ఇద్దరు శిష్యులు సిన్సినాటి నుంచి వచ్చి, ఆయన నేర్పిన పద్ధతిలోనే ఆయనకు కత్తి పెట్టారు. ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తులకు జబ్బు సోకి, సెప్టెంబరు 7న, డెబ్బయ్యవ పుట్టినరోజు ఇంకా పదహారు రోజులుందనగా, తన ఆసుపత్రిలోనే కన్నుమూశారు. అదే సంవత్సరం నవంబరులో కారొలిన్ కూడా పోయారు.